కల్లా లిల్లీ పాఠాలు – 2: దుంప చేతికి వచ్చింది మొదలు మొలక కనపడేదాకా

పోయిన పాఠంలో మీకు ఒకటే పని ఇచ్చాను. మీ బాల్కనీలోనో మిద్దె మీదో పొద్దుటి ఎండ ఎక్కడ పడుతుంది, ఎన్ని గంటలకు వెళ్లిపోతుంది, వారం రోజులు చూసి కాగితం మీద రాసుకోమన్నాను. రాసుకున్నవాళ్లు ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది. రాసుకోకుండా నేరుగా దుంపలు ఆర్డర్ పెట్టేసినవాళ్లు కూడా ఉంటారు. తప్పేం లేదు, నేనూ ఆ బాపతే.

కొత్తగా చేరినవాళ్ల కోసం మొదటి పాఠం నాలుగు మాటల్లో చెప్పేస్తాను. ఈ మొక్క పేరులోనే కల్ల ఉంది. ఇది లిల్లీ కాదు. అసలు కల్లా కూడా కాదు: 1753లో లిన్నేయస్ అనే స్వీడన్ వృక్షశాస్త్రవేత్త దీన్ని కల్లా అనే ప్రజాతిలో చేర్చాడు, 1826లో స్ప్రెంగెల్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త అక్కడి నుంచి తీసి జాంటెడెస్కియా అని వేరే పేరు పెట్టాడు, అది నోరు తిరగని పేరు కాబట్టి జనం పాతదే పట్టుకున్నారు. మూడో కల్ల ఏంటంటే మనం పువ్వు అనుకునేది పువ్వు కాదు, బఠాణీల పొట్లంలా చుట్టుకున్న రంగు ఆకు. అసలు పూలు ఆ పొట్లం మధ్యలో నిలబడ్డ కాడ మీద నూకల్లా అంటుకుని ఉంటాయి, దగ్గరికెళ్లి చూస్తే తప్ప కనపడవు. దీని పుట్టిల్లు దక్షిణాఫ్రికా వైపు. చుట్టాలు మాత్రం మన వంటింట్లోనే ఉన్నారు: చేమ, కంద. కంద పూసినప్పుడు ఎప్పుడైనా చూశారా? అదే ఆకారం, కాకపోతే ఆ కంపుకి దగ్గర నిలబడలేం.

ఈ చుట్టరికాన్ని గుర్తు పెట్టుకుంటే సగం పాఠం వచ్చేసినట్టే. కల్లాలో రెండు రకాలు. తెల్లది చేమ స్వభావం, నీటి ఒడ్డున, చిత్తడిలో హాయిగా ఉంటుంది. పసుపు, గులాబీ, ఊదా, నలుపుకి దగ్గరగా ఉండే ముదురు రంగువి కంద స్వభావం, నీళ్లు నిలిస్తే చస్తాయి, ఏటా కొన్ని నెలలు ఆకు రాల్చేసి దుంపగా నిద్రపోతాయి. మనం ఈ పాఠాల్లో పెంచేది రెండో రకం, రంగువి. ఎవరైనా "కల్లాకి నీళ్లు బాగా పోయాలండీ" అని చెప్తే వాళ్లు చెప్పేది తెల్లదాని గురించి, వాళ్ల మాట అబద్ధం కాదు, మీ కుండీకి వర్తించదు, అంతే.

ఇక కొనడం. హైదరాబాద్‌లో గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి వెళ్లి లిల్లీ అని అడిగితే మీ చేతిలో నేలసంపంగి పెడతారు, అది మన దగ్గర లిల్లీ. నర్సరీలో అడిగితే పీస్ లిల్లీ చూపించి ఇదే అనేవాళ్లున్నారు. తేడా తేలిగ్గానే తెలుస్తుంది: పీస్ లిల్లీలో తెల్ల ఆకు వెనకాల పడగలా విప్పుకుని ఉంటుంది, కల్లాలో అది కాడ చుట్టూ పొట్లంలా చుట్టుకుని ఉంటుంది. అందుకని పూసిన మొక్క కొంటే సరే, లేకపోతే దుంపే కొనండి. దుంపలు ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. అమ్మకందారు పేజీలో 12/14, 14/16, 16/18 అని అంకెలు కనపడితే కంగారు పడకండి, అది దుంప చుట్టుకొలత, సెంటీమీటర్లలో. పెద్ద దుంపకి కళ్లు (మొలకలొచ్చే బొడిపెలు) ఎక్కువ, పూలు కూడా ఎక్కువ. మొదటిసారి పెంచేవాళ్లకి 14/16 చాలు. వచ్చాక నేను దర్జీలా దారం చుట్టి కొలుస్తాను, ఇంట్లో నవ్వుతారు, కానీ ఒకసారి 14/16 అని డబ్బు తీసుకుని 10 సెంటీమీటర్ల బుడిపెలు పంపినవాళ్లున్నారు, దారం ఫొటో పెడితేనే డబ్బు వెనక్కొచ్చింది.

పార్సిల్ రాగానే అదే రోజు విప్పండి. రెండు రోజులు ప్లాస్టిక్ కవర్లో ఉంటే లోపల చెమటలు పట్టి దుంప మెత్తబడిపోతుంది. చూడ్డానికి అల్లానికీ చేమదుంపకీ మధ్యరకంగా, కాస్త నొక్కిన ముద్దలా ఉంటుంది. ఇక్కడో హెచ్చరిక, నవ్వొచ్చినా సీరియస్‌గా తీసుకోండి: వీటిని కూరగాయల బుట్ట దగ్గర పెట్టొద్దు. మా ఇంట్లో ఒకసారి మా అత్తగారు కవర్ విప్పి "ఈ అల్లం ఇలా ఉందేంటమ్మా, వాసనే లేదు" అని కత్తి పట్టుకున్నారు. దీంట్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, నోట్లో పెడితే నాలుక, గొంతు మండి వాచిపోతాయి. పిల్లలు, కుక్కలు, పిల్లులు ఉన్న ఇంట్లో ఎత్తైన చోట పెట్టుకోండి. చేమాకు కోస్తే చేతులు దురద పెట్టేవాళ్లు గ్లవ్స్ వేసుకోండి, ఇదీ అదే దురద.

ఇప్పుడు దుంపని చేతిలోకి తీసుకుని బొటనవేలితో మెల్లగా నొక్కండి, చుట్టూరా, అడుగున కూడా. గట్టిగా, పచ్చి ఆలుగడ్డలా ఉండాలి. ఎక్కడైనా వేలు దిగబడితే అక్కడ కుళ్లు మొదలైంది. ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి, మంచి దుంపకి మట్టి వాసన తప్ప ఇంకేం ఉండదు. ఇంకో రకం మోసం కూడా ఉంది: దుంప గట్టిగానే ఉంటుంది కానీ మరీ తేలిగ్గా, గోటితో గీకితే సుద్దముక్కలా తెల్లటి పొడి రాలుతుంది. అది ఎప్పుడో కుళ్లి, తర్వాత ఎండిపోయిన భాగం. కొద్దిగా ఉంటే గీకేసి నీడలో రెండు మూడు రోజులు ఆరబెట్టి నాటొచ్చు, సగానికి పైగా ఉంటే వెనక్కి పంపేయండి.

ఒక్క దుంపని మూడు ముక్కలు చేస్తే మూడు మొక్కలొస్తాయి కదా అనే ఆలోచన మీకు వచ్చే ఉంటుంది. వద్దు. మొదటి ఏడాది కత్తి దగ్గరికే రానివ్వకండి. ఎందుకో కుళ్లు సంగతి దగ్గర చెప్తాను.

నాటే కాలం. హైదరాబాద్, వరంగల్, కర్నూలు వైపు వాళ్లకి దసరా వెళ్లి వానలు తెరిపి ఇచ్చాక, దీపావళి నుంచి కార్తీకం చివరిదాకా. నాటిన రెండు, రెండున్నర నెలలకు పూలొస్తాయి కాబట్టి సంక్రాంతి, రథసప్తమి రోజుల్లో, మన దగ్గర ఉన్నంతలో చల్లటి రోజుల్లో, పూత పడుతుంది. ఎండ 30 డిగ్రీలు దాటే కొద్దీ ఈ మొక్క డీలా పడుతుంది, ఉగాది వచ్చేసరికి మనం దాన్ని నిద్రపుచ్చే పనిలో ఉంటాం. విజయవాడ, రాజమండ్రి, విశాఖ వైపు వాళ్లు ఇంకో రెండు మూడు వారాలు ఆగండి, వాయుగుండాల వానల్లో కొత్త దుంప బతకడం కష్టం. అరకు, లంబసింగి వాళ్ల లెక్క పూర్తిగా వేరు, ఆ చలిలో దుంప కదలదు, శివరాత్రి దాటాక మొదలుపెట్టండి. న్యూజెర్సీ, డాలస్‌లో ఉండి చదివేవాళ్లు ఈ క్యాలెండర్ పక్కన పడేసి మార్చి, ఏప్రిల్‌లో ఇంట్లోనే కుండీలో పెట్టి, మంచు భయం పోయాక బయటికి తెచ్చుకోండి. కాలిఫోర్నియా తీరంలో ఉన్నవాళ్లకైతే తెల్లది కాలువ గట్టున దానంతట అదే పెరిగేస్తుంది, వాళ్లకి ఈ బాధ లేదు.

మట్టి కలపడం ఇప్పుడు. ఎనిమిదంగుళాల కుండీ ఒక దుంపకి, పది పన్నెండు అంగుళాలదైతే మూడు. అడుగున బెజ్జాలు ఉండాలి, ఒకటి కాదు, నాలుగైదు. నేను ఎర్రమట్టి రెండు పాళ్లు, దొడ్డు ఇసుక ఒక పాలు, బాగా మాగిన వర్మీకంపోస్ట్ ఒక పాలు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) అర పాలు వేస్తాను, పైన గుప్పెడు వేపపిండి. మిద్దెతోట వాళ్లు కోకోపీట్ ధారాళంగా వేస్తారు, ఆకుకూరలకు బాగానే ఉంటుంది, కానీ అది నీళ్లని స్పాంజిలా పట్టి ఉంచుతుంది, పైన ఎండినట్టు కనపడుతూ లోపల తడిసి ముద్దగా ఉంటుంది. మనకి అక్కర్లేనిది సరిగ్గా అదే. పచ్చి పేడ అసలు వద్దు. ఇసుక కూడా సన్నగా జల్లించింది కాదు, ఇల్లు కట్టేచోట జల్లెడలో మిగిలిపోతుందే, ఆ రకం.

కలిపాక కొంచెం కొంచెంగా నీళ్లు చిలకరిస్తూ చేత్తో కలియబెట్టండి. గుప్పెడు తీసుకుని గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారితే ఎక్కువైంది, పేపర్ మీద పరిచి ఒక పూట ఆరనివ్వండి. గుప్పిట తెరవగానే పొడిపొడిగా రాలిపోతే తక్కువైంది. సున్నుండలా ఉండకట్టి, వేలితో తాకగానే విరిగిపోవాలి. ఆ తడి చాలు. ఈ మాట గుర్తుంచుకోండి, నాటిన రోజు పైనుంచి నీళ్లు పోయక్కర్లేదు, దుంపకి కావలసిన తడి మనం ముందే మట్టిలో కలిపేశాం.

కుండీలో మూడింట రెండొంతుల దాకా మట్టి నింపండి. దుంపని తిప్పి చూడండి, ఒక వైపు నున్నగా గుండ్రంగా ఉంటుంది, ఇంకో వైపు చిన్న చిన్న గుండ్రటి వలయాల మధ్యలో బొడిపెల్లాంటివి ఉంటాయి. ఆ బొడిపెలే కళ్లు, అవి పైకి ఉండాలి. ఏది పైనో ఎంత చూసినా తేలకపోతే పక్కకి పడుకోబెట్టి నాటేయండి, మొలక దారి అదే వెతుక్కుంటుంది. పైన రెండంగుళాల మట్టి కప్పండి. అల్లం నాటినట్టు పైపైన పెట్టొద్దు, ఎందుకంటే దీనికి వేళ్లు అడుగు నుంచి కాదు, పైన ఆ కళ్ల చుట్టూ వస్తాయి, వాటికి పట్టు దొరకాలంటే దుంప నెత్తి మీద మట్టి ఉండాలి. అరచేత్తో తట్టి సరిచేయండి, అదిమి నొక్కకండి.

నాటడం అయిపోయింది. ఇక అసలు పాఠం.

నేను మొదటి ఏడాది ఐదు దుంపలు నాటాను. దీపావళికి ఐదు రోజుల ముందు. పండక్కి నాలుగు రోజులు ఊరెళ్తూ పక్కింటి పిన్నిగారికి తాళంచెవి ఇచ్చి, "పిన్నిగారూ, తులసికీ మిరప మొక్కలకీ కొంచెం నీళ్లు పోయండి" అని చెప్పి వెళ్లాను. ఆవిడ మనసు మంచిది. తులసికి పోసింది, మిరపకి పోసింది, పాపం ఈ ఐదు కుండీల్లో ఏమీ మొలవలేదే అని జాలిపడి పొద్దునా సాయంత్రం చెంబుడు చెంబుడు వీటికీ పోసింది. నేను తిరిగొచ్చాక ఆ సంగతి చెప్పి "ఇంకో నాలుగు రోజుల్లో వచ్చేస్తాయిలే" అంది. నేనూ అదే నమ్మి, ఇంకో పది రోజులు రోజూ గ్లాసుడు నీళ్లు పోస్తూ చూశాను. ఏం రాలేదు. వేలు పెట్టి తవ్వితే దుంప తోలు అలాగే ఉంది, నొక్కితే లోపల గంజి. ఆ వాసన చెప్పను. నాలుగు అలాగే పోయాయి. ఐదోది గోడ మూలన పిన్నిగారి చెయ్యి అందని చోట ఉండిపోయింది, నేనూ దాన్ని పట్టించుకోలేదు. అది మాత్రం మొలిచింది.

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు కదా, కంద చుట్టం విషయంలో ఆ సామెత అక్షరాలా నిజం. దుంపకి దాహం లేదు. దాని ఒంట్లో రెండు మూడు నెలలకు సరిపడా తిండీ తడీ దాచుకునే వచ్చింది. వేళ్లే రాలేదు, పోసిన నీళ్లు ఎవరు తాగుతారు? దురదంతా మనకే, పొద్దున లేవగానే చెంబు పట్టుకోకపోతే మనకి తోచదు.

ఆ కుళ్లు ఎలా వస్తుందో తెలిస్తే చేతికి కళ్లెం పడుతుంది. అది బూజు కాదు, బ్యాక్టీరియా, పేరు పెక్టోబ్యాక్టీరియం. వంటింట్లో ఆలుగడ్డల సంచిలో ఒక్కటి నీరుకారి కంపు కొట్టి పక్కవాటికి కూడా అంటిస్తుందే, ఆ పని చేసేది ఎక్కువగా ఈ జాతిదే. మొక్కల్లో కణానికీ కణానికీ మధ్య పెక్టిన్ అనే జిగురు ఉంటుంది, ఇది ఆ జిగురుని కరిగించేస్తుంది, ఇటుకల మధ్య సిమెంట్ కరిగిపోతే గోడ ఏమవుతుందో దుంప అదవుతుంది. గాయం ఉంటే దానికి లోపలికి వెళ్లడం తేలిక, పెరగడానికి వేడి, తడి కావాలి. మన ఊళ్లలో వేడి ఎలాగూ ఉంది. తడి మనం పోస్తాం. కత్తితో ముక్కలు చేస్తే గాయం కూడా మనమే ఇచ్చినట్టు, అందుకే ఇందాక కత్తి వద్దన్నాను. ఇంకో మాట, ఇది బ్యాక్టీరియా కాబట్టి మందుల షాపులో బూజు మందు తెచ్చి పోసినా దీనికి పనిచేయదు. కుళ్లిన దుంపని మట్టితో సహా తీసి పారేయాలి, ఆ మట్టి ఇంకో కల్లాకి వాడకూడదు, కుండీ కడిగి ఎండలో పెట్టాలి.

మరి ఎప్పుడు పోయాలి? పైన మట్టి రంగు చూసి పోయడం నమ్మకం లేని పని, మన ఎండకి పైపొర మధ్యాహ్నానికే తెల్లబడుతుంది. రెండు పద్ధతులు చెప్తాను. ఒకటి కొబ్బరి చీపురు పుల్ల. కుండీ అంచు దగ్గర, దుంపకి దూరంగా, నాలుగంగుళాలు దింపి ఐదు నిమిషాలు ఉంచి తీయండి. పుల్ల రంగు ముదిరి మట్టి అంటుకుని వస్తే లోపల తడి ఉంది, దాని జోలికి వెళ్లకండి. పుల్ల పొడిగా వస్తే పోయొచ్చు. రెండోది బరువు, నాకు ఇదే నమ్మకం. నాటిన రోజు కుండీని తూచి అంకె కుండీ మీదే మార్కర్‌తో రాయండి. ప్రయాణాలకి సూట్‌కేస్ తగిలించి తూచే చిన్న కొక్కెం తూకం ఉంటుందే, అది చాలు, కుండీని గుడ్డసంచిలో పెట్టి తగిలించండి. పోయిన ఏడాది నా ఎనిమిదంగుళాల ప్లాస్టిక్ కుండీ నాటిన రోజు 3.6 కిలోలు ఉంది. ఎనిమిదో రోజుకి 3.1 కి దిగింది. అప్పుడు ఒక గ్లాసు నీళ్లు, అంచు వెంబడి, దుంప నెత్తి మీద పడకుండా పోశాను. మళ్లీ 3.1 కి వచ్చేదాకా ముట్టుకోలేదు. మీ కుండీ అంకె వేరేగా ఉంటుంది, మట్టి కుండీ అయితే ఇంకా తొందరగా ఆరుతుంది, కాబట్టి నా అంకె కాపీ కొట్టకండి. నాలుగైదు సార్లు తూచాక తూకం అక్కర్లేదు, చేత్తో కొంచెం ఎత్తగానే తెలిసిపోతుంది, గ్యాస్ సిలిండర్ కదిపి చూసి ఇంకెన్ని రోజులొస్తుందో చెప్పే మన ఇంటివాళ్లలాగా.

మొలక రెండు మూడు వారాల్లో వస్తుంది, కొన్ని మొండివి నెల తీసుకుంటాయి. ఈ టైమ్‌లో ఎండ అక్కర్లేదు, వెచ్చగా ఉండి వాన తగలని చోటు చాలు. టెన్షన్ పడి తవ్వి చూడొద్దు, అప్పుడే వస్తున్న వేళ్లు తెగుతాయి, తెగిన చోటు మళ్లీ గాయమే. నెల దాటినా ఏమీ రాకపోతే అప్పుడు ఒక పక్క నుంచి మెల్లగా మట్టి తీసి ఒక్కసారి నొక్కి చూడండి. గట్టిగా ఉంటే కప్పేసి వదిలేయండి.

వచ్చే రోజు మొదట మట్టి కొంచెం బీటలిస్తుంది. మర్నాడు అందులోంచి పెన్సిల్ మొనలా ఒకటి కనపడుతుంది, రకాన్ని బట్టి ఆకుపచ్చగానో ఎర్రటి ఛాయతోనో. అది ఆకు కాదు, ఆకు చుట్టూ ఉన్న తొడుగు. వారంలో అది చీలి, చుట్టుకుని ఉన్న మొదటి ఆకు విప్పుకుంటుంది, కొన్ని రకాల్లో దాని మీద సున్నం చుక్కలు చల్లినట్టు తెల్లటి మచ్చలుంటాయి, తెగులేమో అని భయపడకండి, దాని వేషమే అది. ఇంకోటి, తెల్లవారుజామున చూస్తే ఆకు కొన నుంచి ఒక నీటిబొట్టు వేలాడుతూ ఉంటుంది. మంచు కాదు. రాత్రిపూట వేళ్లు పీల్చిన నీళ్లని ఆకు కొన దగ్గర బయటికి నెడుతుంది, చేమాకుల్లో కూడా చూసే ఉంటారు. ఆ బొట్టు కనపడిందంటే వేళ్లు పని మొదలెట్టాయని అర్థం, ఆ రోజు నుంచి నీళ్ల లెక్క మారుతుంది. ఇప్పుడు మీరు రాసుకున్న ఎండ కాగితం తీయండి, పొద్దున మూడు నాలుగు గంటలు ఎండ పడి పదకొండు తర్వాత నీడ వచ్చే చోటికి కుండీని జరపండి. ఎరువు మాత్రం ఇంకా వద్దు. యూరియాలాంటివి ముందే వేస్తే ఆకు లావుగా, మెత్తగా పెరుగుతుంది, ఆ మెత్తదనం కుళ్లుకే ఇష్టం.

ఈ పదిహేను రోజుల పని. దుంపలు ఇంకా రానివాళ్లు, వచ్చినా ధైర్యం చాలనివాళ్లు, ఉత్త కుండీలో నేను చెప్పినట్టు మట్టి కలిపి, సున్నుండ పరీక్ష చేసి, తూచి, నాటినట్టే భావించి కాపలా కాయండి. రోజూ ఒకే వేళకి బరువు, చీపురు పుల్ల తడి, రెండూ ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఏమీ లేని కుండీని రోజూ ఎత్తి చూస్తున్నారేంటని ఇంట్లో అడుగుతారు, అడగనివ్వండి. దుంపలు నాటేసినవాళ్లు కూడా ఇదే రాసుకోండి, అదనంగా కుండీ మీద నాటిన తేదీ. ఊరెళ్లేవాళ్లు కుండీ అంచుకి "దీనికి నీళ్లు పోయకండి" అని పెద్ద అక్షరాలతో చీటీ అతికించి వెళ్లండి.

మొదటి ఆకు పూర్తిగా విప్పుకుని రెండో ఆకు ముక్కు కనపడగానే మూడో పాఠం మొదలుపెడదాం. అందులో ఎరువు, పేనుబంక, తామర పురుగులు, మొగ్గ గుర్తుపట్టడం ఉంటాయి.